ఎడమకు వాలిన ఆకు

కొత్త నగకు ముసలితనం తెప్పించడం ఎలాగో మీకు తెలుసా? పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మిలమిలలాడే వెండి హారాన్ని నల్లబరిచే మందునీళ్ళలో ఒకసారి ముంచి తీయాలి. తీశాక అది మాడిన గరిటెలా కనిపిస్తుంది. కంగారు పడకూడదు. మెత్తటి పాత గుడ్డ తీసుకుని, పైకి లేచిన చోటల్లా ఓపికగా రుద్దాలి. ఎత్తుల్లో తెలుపు తేలుతుంది, పల్లాల్లో నలుపు నిలిచిపోతుంది. ఇంకో గంట రుద్దితే అంచులు కాస్త అరిగినట్టు కూడా అవుతాయి. పొద్దున పుట్టిన నగ సాయంత్రానికల్లా ముత్తవ్వ అయి కూర్చుంటుంది.

మేడ మీద ఒక చిన్న పనిగదిలో ఈ పని రోజూ జరిగేది. గది అన్నాచెల్లెళ్ళిద్దరిదీ. అన్న వెండి కరిగించి, రేకు సాగగొట్టి, అతుకులు వేస్తాడు. చెల్లెలు నమూనా గీస్తుంది, రాళ్ళు పొదుగుతుంది. ఆమెకు నలభై దాటాయి. అయినా ఇంట్లోవాళ్ళకు ఇంకా చిట్టే. వీధిలోవాళ్ళకేమో ఎడంచేతి చిట్టి. చిన్నప్పుడు ఆమె చేత కుడిచేత్తో ఉలి పట్టించాలని తండ్రి నానా తంటాలూ పడ్డాడు. చివరికి ఆయనే విసిగిపోయి, "నీ చెయ్యి నీ ఇష్టం తల్లీ. రాయి మాత్రం కదలకూడదు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె పొదిగిన రాయి ఒక్కటీ కదల్లేదు.

"లోకమంతా వయసు దాచుకోలేక చస్తుంటే, మీరిద్దరూ పనిగట్టుకుని వయసు పెంచుతున్నారు. ఆ మందునీళ్ళు నా మీద చిలకరించకండి బాబూ, ఇప్పటికే జుట్టు నెరుస్తోంది" అనేది వదిన, టీ గ్లాసులు బల్ల మీద పెడుతూ.

ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. నిజమే, ఏమీ లేదు. పాతకాలపు తీరు నచ్చినవాళ్ళు ఆ తీరులో చేయించుకుంటారు. కానీ ఒక్క విషయం గమనించండి. తండ్రి ఉన్న రోజుల్లో ఆ గదిలోంచి బయటికి వెళ్ళే ప్రతి నగ వెనకా బియ్యపుగింజంత ఆకు ముద్ర ఉండేది. ఇది మేం చేసింది, మంచైనా చెడైనా మాదే బాధ్యత అని దాని అర్థం. ఆరేళ్ళ కిందట పెద్దవీధి నగల దుకాణం యజమాని పైకి వచ్చి, "ఆ ఆకు వద్దయ్యా. గుర్తు లేకపోతేనే నగ పాతదిలా ఉంటుంది" అన్నాడు. పనిలో ముప్పాతిక వంతు ఆయన దగ్గర్నుంచే వచ్చేది. అన్న తలూపాడు. ముద్ర కడ్డీని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేశారు. చెడు చాలాసార్లు అలాగే వస్తుంది, తలుపు తట్టి, మర్యాదగా మాట్లాడి.

ఒకనాడు దుకాణం నుంచి కబురొచ్చింది. ఎవరో కొనబోతున్న హారానికి పొడవు చాలలేదు, వచ్చి కొలత తీసుకోమని. అన్న రాళ్ళు ఎంచడానికి వెళ్ళి ఉన్నాడు. అందుకని చిట్టే బయల్దేరింది.

దుకాణంలో తెల్లజుట్టు ముడి వేసుకున్న ఒకావిడ అద్దం ముందు కూర్చుని ఉంది. నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న టీచరమ్మ. ఆవిడ మెడలో హారం చూడగానే చిట్టి గుర్తుపట్టేసింది. కన్నతల్లి బిడ్డను గుర్తుపట్టడానికి ఎంతసేపు కావాలి? తీగ అల్లిక నడుమ ఎర్రరాళ్ళు, మధ్య పతకంలో అయిదు పచ్చలు. పదకొండు నెలల కిందట తానే గీసి, తానే పొదిగింది. తానే గుడ్డ పెట్టి రుద్ది ముసలిదాన్ని కూడా చేసింది.

"నూటయాభై ఏళ్ళ నాటిదమ్మా. ఒక పెద్ద కుటుంబంవాళ్ళ ఇంట్లోంచి వచ్చింది. ఈ పనితనం చూడండి! ఆ చేతులు ఇప్పుడెక్కడున్నాయి? ఇప్పటివాళ్ళను కట్టి కొట్టినా ఇలాంటిది చెయ్యలేరు" అంటున్నాడు యజమాని.

చిట్టికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తన పనిని ఇంత గొప్పగా పొగడటం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ పొగడ్త ఎదురుగా నిలబడిన తనకు కాకుండా, అసలు పుట్టనే పుట్టని ఎవరికో వెళ్ళిపోతోంది.

"మా మనవరాలికి ఇద్దామని," అంది టీచరమ్మ, చిట్టికేసి తిరిగి. "దానికి అన్నీ చిటికెలో అయిపోవాలి. వెనకటివాళ్ళు ఎంత ఓపిగ్గా పనిచేసేవాళ్ళో కళ్ళకు చూపించాలని, ఎన్నాళ్ళుగానో కూడబెట్టుకుంటున్నాను. నువ్వు ఈ పనిలోదానివే కదమ్మా. ఏమంటావు, ఇది నిజంగా పాతదేనా?"

యజమాని గల్లాపెట్టె వెనకనుంచి గుడ్లురిమి చూశాడు. చిట్టి నీళ్ళు నమిలింది.

"పాత పద్ధతిలో చేసిందండీ" అంది చివరికి.

ఆ మాటలో అక్షరం అబద్ధం లేదు. అయినా మొత్తం కలిపితే అబద్ధమే. టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి చిట్టి తల దించుకుంది.

"నాలుగు లంకెలు పెంచి రేపు పొద్దున తీసుకురా. కొత్త లంకెలు పాతవాటిలో కలిసిపోవాలి సుమా" అని యజమాని హారం ఆమె చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నానికి లంకెలు తయారయ్యాయి. నాలుగూ తళతళలాడుతూ బల్ల మీద ఉన్నాయి. పక్కనే మందునీళ్ళ గిన్నె. చిట్టి ముంచకుండా చేతులు కట్టుకుని కూర్చుంది. అన్న వచ్చి చూశాడు.

"ఏమే, కలలు కంటున్నావా? ముంచెయ్."

"అన్నయ్యా, దీన్ని నూటయాభై ఏళ్ళ నాటిదని అమ్ముతున్నాడు. ఆ టీచరమ్మ నన్నే అడిగింది."

"నువ్వేమన్నావు?"

"గోడ మీద పిల్లిలా ఏదో అన్నాను."

అన్న సుత్తి పక్కన పెట్టాడు. "చూడు చిట్టీ, మన పని మనం చేసిచ్చాం. ఆయన ఏం చెప్పుకుని అమ్ముకుంటే మనకెందుకు? ఆయన పని ఆపితే రేపట్నుంచి ఈ కొలిమి వెలగదు. నీకు తెలీనిదా?"

"తెలుసు. కానీ ఆవిడ కూడబెట్టిన డబ్బంతా మన నలుపు చూసి ఇచ్చేస్తోంది అన్నయ్యా. మనం చేసిన నలుపు! పైగా ఇప్పటివాళ్ళకు ఈ పని రాదట. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నేను బతికే ఉన్నానని చెప్పుకోవడానికి కూడా నాకు నోరు రాలేదు."

అన్న మళ్ళీ సుత్తి అందుకున్నాడు. రోషం ఆయనకూ ఉంది. కానీ ఆరేళ్ళుగా దాన్ని కూడా గుడ్డలో చుట్టి ఆ సొరుగులోనే పెట్టాడు.

మర్నాడు పొద్దున అన్న పళ్ళు తోముకుంటుండగా పనిగదిలోంచి సుత్తి దెబ్బ ఒక్కటి వినిపించింది. ఒక్కటే. ఆ చప్పుడు ఆరేళ్ళ తర్వాత విన్నా ఆయన పోల్చుకున్నాడు. గబగబా వచ్చేసరికి హారం బోర్లా పడుకోబెట్టి ఉంది. మధ్య పతకం వెనక బియ్యపుగింజంత ఆకు మెరుస్తోంది. కొత్త లంకెలు నాలుగూ తెల్లగానే ఉన్నాయి.

"ఎంత పని చేశావే!"

"నాన్న గుర్తు వేశాను. నేనే వెళ్ళి చెప్పొస్తాను."

అన్న కాసేపు ఆ ఆకునే చూశాడు. "వెళ్ళు," అన్నాడు. "కోపంగా మాట్లాడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు."

దుకాణంలో హారం చేతిలోకి తీసుకోగానే టీచరమ్మ కళ్ళద్దాలు సవరించుకుంది. "ఈ లంకెలేమిటి, ఇంత తెల్లగా ఉన్నాయి? వెనక ఈ ఆకేమిటి? నిన్న లేదే!"

"అది మా ఇంటి గుర్తండీ," అంది చిట్టి. "ఈ హారం నేను చేసిందే. ఏడాది కూడా కాలేదు. నిన్న మీరడిగినప్పుడు చెప్పలేకపోయాను. నాదే తప్పు."

"ఏమిటా మాటలు?" యజమాని లేచాడు. "పట్టించుకోకండమ్మా. గొప్ప కోసం ఏదో వాగుతోంది."

టీచరమ్మ చెయ్యెత్తింది. నలభై ఏళ్ళు తరగతి గదిని అదుపులో పెట్టిన చెయ్యి అది. యజమాని కూర్చున్నాడు.

"నువ్వే చేశావనడానికి గుర్తేమిటమ్మాయ్?"

"మధ్య పతకంలో పైనుంచి మూడో పచ్చ. పొదుగుతున్నప్పుడు ఉలి జారి, దాని కింది మూలలో చిన్న పెచ్చు లేచింది. జోడీకి వేరే రాయి దొరకలేదు. పెచ్చు మీదికి అంచు కాస్త ఎక్కువ మలిచి దాచేశాను. అక్కడొక్క చోటే అంచు మందంగా ఉంటుంది. ఇంకోటి, నాది ఎడమ చెయ్యి. అంచులు నొక్కినప్పుడు పడే సన్నగీతలు అందరివీ ఒకవైపు వాలితే, నావి రెండోవైపు వాలతాయి."

టీచరమ్మ భూతద్దం అడిగి తీసుకుంది. మూడో పచ్చను చూసింది. అంచు మందంగానే ఉంది. తర్వాత తన సంచీలోంచి కాగితం, పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇక్కడ కొంచెం గీతలతో నింపు."

చిట్టి ఎడంచేత్తో గబగబా నింపింది. టీచరమ్మ కాగితాన్నీ పతకాన్నీ పక్కపక్కన పెట్టి, మార్చి మార్చి చాలాసేపు చూసింది. చివరికి భూతద్దం కింద పెట్టింది.

"ఈ వాలు నాకు బాగా తెలుసు," అంది మెల్లగా. "వేల పుస్తకాలు దిద్దాను. ఎడమచేతి పిల్లల గీతలు దూరంనుంచే పోల్చుకునేదాన్ని. పోల్చుకుని ఏం చేశానో తెలుసా? కొత్తలో, వాళ్ళ వేళ్ళ మీద స్కేలుతో కొట్టి కుడిచేత్తో రాయించాను. వాళ్ళలో ఎంతమంది చేతులు ఇలాంటి పని చెయ్యాల్సినవో!"

యజమాని గల్లాపెట్టె మీద చేతులు ఆనించాడు. "నేనేం చెయ్యనమ్మా? కొత్తదంటే బేరమాడతారు. పాతదంటే కళ్ళకద్దుకుంటారు. మీరైనా నిన్న అంతేగా!"

ఆ మాట ఆవిడకు తగిలింది. కోపం తెచ్చుకోలేదు.

"అంతే. మీరన్నది నిజం. మీరు అబద్ధం అమ్మారు, కానీ దాన్ని అడిగి మరీ కొన్నది మాలాంటివాళ్ళమే. పోయినవాళ్ళ పనితనానికి దండం పెట్టడం సులువు. వాళ్ళు కూలి అడగరు, ఎదురు చెప్పరు. బతికున్న మనిషి మన కళ్ళముందే కన్ను చెదిరేలా పనిచేస్తే మాత్రం, ఇందులో ఏముంది, తగ్గించు అంటాం. ఓపికంతా వెనకటివాళ్ళతోనే పోయిందని మా మనవరాలికి చెప్పబోయాను. ఎంత తప్పు పాఠం! ఆ ఓపిక మన ఊళ్ళోనే, ఇదిగో నా ఎదురుగా నిలబడి ఉంది."

ఆవిడ హారాన్ని వదల్లేదు. కొత్త నగగానే, కొత్త నగ ధరకే, చేసినవారి వివరం బిల్లు మీద రాయించి మరీ తీసుకుంది. యజమాని రాసిచ్చాడు. ముఖం మాత్రం గంటు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అంతా సుఖాంతమైందని నేను మిమ్మల్ని మభ్యపెట్టను. దుకాణం నుంచి రెండు నెలలు కబురు రాలేదు. చిట్టి మనసులో తప్పు చేశానా అని పీకుతూనే ఉంది. అన్న ఒక్క మాట కూడా దెప్పలేదు. వదిన మాత్రం, "పోనీలే, ఆ మందునీళ్ళ కంపు తగ్గింది" అంటూ తేలిగ్గా తీసిపారేసింది. టీచరమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆ పిల్ల రెండు గంటలు కదలకుండా చిట్టి చేతులే చూస్తూ కూర్చుంది. తర్వాత టీచరమ్మ స్నేహితులు ఒక్కొక్కరే వచ్చారు. మూడో నెలలో దుకాణం యజమాని కూడా వచ్చాడు. "పాతకాలపు తీరులోనే చెయ్యండి. వెనక మీ ఆకు వేసుకోండి. ఎవరు చేశారని జనం అడుగుతున్నారు" అన్నాడు, ఎటో చూస్తూ.

ఆ రోజే అన్న సొరుగులోంచి గుడ్డ మూట తీసి చెల్లెలి ముందు పెట్టాడు. అందులో తండ్రి ముద్ర కడ్డీ కాకుండా కొత్తది ఇంకొకటి ఉంది. చిట్టి దాన్ని రేకు మీద కొట్టి చూసింది. అదే ఆకు. కానీ తండ్రి ఆకు కుడికి వాలి ఉండేది. ఇది ఎడమకు వాలి ఉంది.

"ఇదేంటన్నయ్యా?"

"ముద్ర కదా, తిరగేసి చెక్కాలి. మర్చిపోయి మామూలుగా చెక్కేశాను," అన్నాడు అన్న, కొలిమి ఊదుతూ. "పాడైపోయింది. పారెయ్యడమెందుకు, నువ్వే వాడుకో."

ముప్ఫై అయిదేళ్ళ పనిలో ఆయన ఏ ముద్రా తప్పు చెక్కలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చిట్టి కళ్ళు తుడుచుకుని, ఆ కడ్డీని ఎడమచేతిలోకి తీసుకుంది.

అందుకే చెబుతున్నాను. ఏ వస్తువైనా మీకు ముచ్చటగా అనిపిస్తే దాని వయసు అడగకండి, దాన్ని చేసిన మనిషి ఎవరో అడగండి. ఆ మనిషి మీ మాట వినపడేంత దూరంలోనే ఉండవచ్చు.