గీత పడని బొటనవేలు

మనిషి అబద్ధమాడినా వేలు అబద్ధమాడదు. పోలీసు కొలువులో చేరిన ప్రతివాడికీ మొదట నూరిపోసే మాట ఇది. హెడ్ కానిస్టేబుల్ బాలకిషన్ ఇరవై తొమ్మిదేళ్ళ కింద ఆ మాట విన్నాడు, నమ్మాడు. దాన్ని అనుమానించే పని ఇంతవరకు పడలేదు. ఆ బుధవారం పొద్దున మాత్రం నవీద్ బొటనవేలిని ఆరోసారి వేలిముద్రల మిషన్ మీద అదిమి, ఆరోసారీ ఎర్రలైటే వెలిగేసరికి అతనికి చిరాకెత్తింది.

"మంచిగ తుడ్సుకోరాదు?"

"ఎన్నిసార్లు తుడ్వాలె అన్నా? నా వేలు ఎన్నడూ పట్టదు. అల్లా కసం."

"దొంగలందరి వేళ్ళు పడ్తయి. నీదొక్కటే నవాబు వేలా?"

ఆ మాటలు విని ఎస్సై గీతాంజలి తన గదిలోంచి వచ్చింది. నిజామాబాద్ దిక్కు పల్లెటూళ్ళో రైతు బిడ్డ, ఇంజనీరింగ్ చదివింది, పాతబస్తీకి వచ్చి మూడు నెలలు. ఫోన్ టార్చి వేసి నవీద్ పది వేళ్ళూ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఏ వేలి మీదా గీత లేదు. వాగులో గులకరాయిలా నున్నగా ఉన్నాయి.

"కాల్చుకున్నాడు బాలకిషన్ గారూ. రెండు రోజులు దొరకకుండా తిరిగింది ఇందుకే."

"భయమై తిరిగిన మేడం! గల్లీ మొత్తం నా పేరే చెప్తుంటే..." అన్నాడు నవీద్.

"సాక్ష్యం మాయం చేయడానికి వేళ్ళు కాల్చుకున్నాడని రిమాండ్ రిపోర్టులో రాయండి. నాలుగింటికి కోర్టులో ఉండాలి."

సంగతి ఇదీ. సోమవారం మధ్యాహ్నం లక్క గాజుల గల్లీలో షఫీఉద్దీన్ ఇంట్లోకి ఎవడో దూరాడు. అడ్డమొచ్చిన ఆ అరవై ఏళ్ళ మనిషిని ఇనుపరాడ్‌తో నెత్తిన కొట్టి, బీరువాలోని కమ్మలూ గొలుసూ పట్టుకుపోయాడు. ఆ నగలు షఫీఉద్దీన్ భార్య మహబూబ్ బీ సొత్తు. ఆ వేళకు ఆమె మలక్‌పేటలో కూతురింట్లో ఉంది. షఫీఉద్దీన్ ఇంకా ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు. బీరువా అద్దం మీద మాత్రం కొట్టినవాడి అయిదు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు, గీతకు గీత కనబడేటట్టు పడ్డాయి. మగవాడి చెయ్యి. కొడుకు మొయిన్‌ది కాదు.

ఇక నవీద్ ఎవరయ్యా అంటే, ఆ ఇంట్లోనే పదిహేనేళ్ళు పనిచేసి, నిరుడు సరిగ్గా ఎదురుగా సొంత దుకాణం తెరిచినవాడు. అప్పటినుంచి రెండు గడపల మధ్య సలామ్ లేదు. పోయిన శుక్రవారం నమాజయ్యాక నలుగురిలో "చాచా, నీ తల పలగ్గొడ్త" అని అరిచాడు కూడా. సోమవారానికి ఆ తల పగిలింది. ఎవరిని పట్టుకోవాలో చెప్పడానికి ఆ గల్లీలో పసిపిల్ల కూడా తడుముకోలేదు.

రిపోర్టుకు ఒక కాగితం తక్కువైంది. పోయిన వస్తువుల పట్టీ మీద మహబూబ్ బీ వేలిముద్ర కావాలి. బాలకిషన్ స్కూటర్ తీశాడు.

మొగుడు ఆస్పత్రిలో ఉన్నా ఆ ఇంట్లో కుంపటి ఆరలేదు. మహబూబ్ బీ పీట మీద కూర్చుని లక్క కాలుస్తోంది. ఆదివారం ఎవరిదో పెళ్ళి. పెళ్ళికూతురి గాజుల జోళ్ళు శనివారానికి ఇచ్చెయ్యాలి.

"రా బాలకిషన్ భాయ్. మా ఆయన లేవకపాయె, లేచే లోపల పని ఆగితే లేచినంక నన్నే తిడ్తడు. ఆ నమక్‌హరామ్ ఏమన్న ఒప్పుకున్నడా?"

"ఇంక లేదు ఆపా. సాయంత్రం జైలుకు పోతడు. జర గీ కాగితం మీద వేలెయ్యి."

మొయిన్ కాగితం చదివి వినిపించాడు. ఆమె స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, కాగితం మీద నొక్కింది. బాలకిషన్ చూశాడు. గుండ్రంగా నల్లటి మచ్చ. పావలా బిళ్ళ మీద మసి పూసి అచ్చేసినట్టుంది తప్ప ఒక్క గీత లేదు.

"సిరా ఎక్కువైంది. ఇంకోసారి."

రెండోసారీ మచ్చే. ఎడమచేతిదీ మచ్చే.

"ఏంది భాయ్, రేషన్ దుకాణం మిషన్ లెక్క నువ్వు గూడ సతాయిస్తున్నవ్? వేలెయ్యమంటివి, ఏసిన. దానిమీద గిప్పుడు బొమ్మ గూడ గియ్యాల్నా?"

బాలకిషన్ నవ్వలేదు. "ఒకసారి నీ చెయ్యి చూపెట్టు ఆపా" అన్నాడు.

ఆమె రెండు చేతులూ చాపింది. గవాక్షంలోంచి పడుతున్న వెలుతుర్లో ఆ వేళ్ళ కొసలు తళతళలాడాయి. బాలకిషన్ వాళ్ళది ఉప్పుగూడలో మూడు తరాల పాల వ్యాపారం. కాగి చల్లారిన పాల మీద ముడతలేని మీగడ ఎట్లా ఉంటుందో అతనికి తెలుసు. ఆ వేళ్ళు అట్లా ఉన్నాయి. యాభై ఏడేళ్ళ మనిషికి అంతకుముందురోజు పుట్టిన వేళ్ళు.

"కాలినయా?"

"ఒక దినం కాల్తే కాలినయి అంటరు. నలభై అయిదేళ్ళు కాల్తే ఏమంటరో నాకు తెల్వదు" అంటూ ఆమె కుంపటి మీద బుడగలు కడుతున్న లక్క ముద్దను పుల్లతో లేపి, ఉత్తచేత్తో అందుకుంది. బాలకిషన్ అసంకల్పితంగా తన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ నిప్పులాంటి ముద్దను ఆమె చిటికెలో సాగదీసింది, తాడులా పేనింది, గుండ్రంగా వంచి రెండు కొసలూ బొటనవేలితో అతికింది. అతుకు ఎక్కడుందో కనబడలేదు. పొగ ఇంకా లేస్తున్న ఆ గాజులోకి తళుకు రాళ్ళు ఒక్కొక్కటే వేలికొసతో గుచ్చుతుంటే, తన ఇరవై తొమ్మిదేళ్ళ డ్యూటీ అంతా ఈ గల్లీ గుండా తిరిగీ ఈ చేతులను ఒక్కసారీ చూడలేదే అనుకున్నాడు. ఈ ఊళ్ళో పెళ్ళికూతుళ్ళ చేతులకెక్కిన మెరుపంతా ఈ వేళ్ళ గీతలను తిని మెరిసింది.

తేరుకుని అడిగాడు. "నవీద్ చేతులు గూడ గిట్లనేనా?"

ఆమె చెయ్యి ఆగింది. "ఎందుకు?"

దాచడం అతనికి చేతకాలేదు. "అద్దం మీద పడ్డ వేళ్ళకు గీతలున్నయి ఆపా. నవీద్ వేళ్ళకు లేవు. దొంగతనం చేసినంక కాల్చుకున్నడని మేడం రాయమన్నది."

మొయిన్ చటుక్కున లేచాడు. "అమ్మీ, నువ్వేం మాట్లాడకు. అబ్బా తల పలగ్గొడ్తనన్నడా లేదా? వేలేసినవ్ గదా, అయిపాయె. అన్నా, మీరు పోండి."

మహబూబ్ బీ చేతిలో గాజు చల్లారి, గట్టిపడి, పుటుక్కున రెండు ముక్కలైంది. మొయిన్ ఆ ముక్కల వైపు వింతగా చూశాడు. తల్లి చేతిలో గాజు విరగడం వాడు పుట్టాక చూడలేదు.

"ఆ చేతులు నేనే చేసిన భాయ్" అందామె చివరికి. "మొదటిసారి లక్క పట్టి లబోదిబోమని ఏడిస్తే, నేనే మీగడ రాసిన. ఇంకో ఆరు నెల్లు ఓర్సుకో బేటా, తర్వాత నిప్పు గూడ నీకు చుట్టమైతది అని చెప్పిన. ఆని నిఖా దినం కాజీ సాబ్ రిజిస్టర్ల గూడ మచ్చే పడ్డది. అందరం నవ్వినం."

"అమ్మీ! మరి అబ్బాను కొట్టిందెవరు?"

"నాకేం తెల్సు? కాని గీతలున్నోడు కొట్టిండు. మా ఇంట్ల గీతలున్నది నీకొక్కనికే. నువ్వు చదువుకోవాల్నని నిన్ను కుంపటి దగ్గరికి రానియ్యలే." ఆమె కొక్కేనికున్న బురఖా అందుకుంది. "నవీద్ అంటే నాకు ఇప్పటికీ మండుతది. మండుతదని ఆని మీద అబద్ధం మొయ్యాల్నా? లే, చెప్పులేసుకో."

గల్లీలో ఆమె నడిచిన దోవలో ప్రతి తలుపూ కొట్టింది. ఏం చెప్పిందో స్కూటర్ తోసుకుంటూ వెనక వస్తున్న బాలకిషన్‌కు వినబడలేదు. కుంపట్ల దగ్గర్నించి మాత్రం ఒక్కొక్కరే లేచి వచ్చారు.

రెండున్నరకు గీతాంజలి తలెత్తి చూసేసరికి స్టేషన్ గుమ్మంలో పదకొండు మంది. బురఖాల్లో ఆడవాళ్ళు, బొగ్గుమసి లుంగీల్లో మగవాళ్ళు.

"ఏంటిది? ధర్నానా?"

"కాదు బిడ్డా. ఒక తెల్లకాగితం పెట్టు. సిరా డబ్బా తెరువు" అంది మహబూబ్ బీ.

ఆ గొంతులో ఏముందో, గీతాంజలి ఎదురు అడగలేదు. కాగితం పెట్టింది. మొదట మహబూబ్ బీ నొక్కింది. తర్వాత ఒక ముసలాయన. తర్వాత ఉమ్మే హానీ అనే ఇరవై రెండేళ్ళ పిల్ల. దాని వేలికి అంచున ఇంకా రెండు గీతలు మిగిలున్నాయి, అమావాస్య ముందు నెలవంకలాగా. ఒక్కొక్కరూ వచ్చి, నొక్కి, పక్కకు జరిగారు. కాగితం నిండా నల్లటి చందమామలు లేచాయి.

గీతాంజలి ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. కోర్టులో జడ్జి వచ్చినప్పుడు నిలబడ్డట్టు నిలబడి ఉంది.

అయినా పోలీసు పోలీసే. "నవీద్ వేళ్ళు మొన్నటికి ముందు కూడా ఇట్లాగే ఉన్నాయని రుజువేంటి?"

బాలకిషన్ అప్పటికే రేషన్ డీలర్ బాబురావుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల బాబురావు గయ్యిమన్నాడు. "ఆ గల్లీ లొల్లి నాకు చెప్పకు బాలకిషన్ అన్నా! లక్కోళ్ళ వేళ్ళు ఒక్కటి పట్టవు. నవీద్ వేలు నాలుగేండ్ల సంది పట్టకపాయె. ప్రతి నెల ఆని పెండ్లాం అలీనా వచ్చి వేలేస్తది. మిషన్‌ల అన్నీ ఎక్కి ఉన్నయి, వచ్చి చూస్కోరి!"

గీతాంజలి కుర్చీలో కూర్చుంది. రిమాండ్ రిపోర్టు ముందుకు లాక్కుని, నిలువునా ఎర్రగీత కొట్టింది. "నేను కాల్చుకున్నాడని రాయించాను" అంది మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "కాల్చుకున్న మాట నిజమే. ఎందుకో అడగలేదు."

నవీద్‌ను బయటికి తెచ్చారు. పదకొండు మందినీ, వాళ్ళ నల్లటి బొటనవేళ్ళనూ చూసి వాడికి అర్థమైంది. "ఖాలా..." అంటూ మహబూబ్ బీ కాళ్ళ మీదికి వంగబోయాడు.

"లే. ఎదురుంగ దుకాణం పెట్టినందుకు నీకు నా దువా లేదు. అది వేరే లెక్క" అని ఆమె బురఖా అంచుతో కళ్ళు తుడుచుకుంది.

అంతవరకు ఆ అద్దం మీది ముద్రలను నవీద్ వేళ్ళతో పోల్చడానికే ఉంచారు. ఇప్పుడు రికార్డుల్లో ఉన్న అందరితో పోల్చడానికి పంపారు. శుక్రవారం జవాబొచ్చింది. ఆ ముద్రలు, ఎండాకాలం ఆ ఇంట్లో కూలర్ బాగుచేసిపోయిన ఒక పాత నేరస్థుడివి. కమ్మలు దొరికాయి, గొలుసును వాడు అప్పటికే కరిగించేశాడు. అదే రోజు షఫీఉద్దీన్ కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు.

ఆ కబురు చెప్పడానికి శనివారం బాలకిషన్ గల్లీకి వెళ్ళాడు. లోపల లొల్లి వినబడింది.

"ఆ రాయి గక్కడ కాదురా గాడిదీ! పదిహేనేండ్లు నేర్పిన."

"గక్కడ పెడ్తెనే మంచిగుంటది ఖాలా. అందుకే గద నా దుకాణం నడుస్తున్నది."

కుంపటికి ఒక పక్క మహబూబ్ బీ, ఇంకో పక్క నవీద్. చాచా లేనందుకు పెళ్ళి జోళ్ళు ఆగకూడదని తన దుకాణం మూసి వచ్చి కూర్చున్నాడట. నాలుగు చేతులు నిప్పులో ఆడుతున్నాయి.

బాలకిషన్ పక్కన చతికిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. చూసి చూసి, చిన్నపిల్లాడిలా మనసు ఆగక, పలక మీద అప్పుడే దించిన లక్క మీద బొటనవేలు పెట్టాడు.

"అమ్మో!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. "పోలీసోళ్ళకు లాఠీ పట్టుడే వస్తది" అన్నాడు నవీద్.

వేలు నోట్లో పెట్టుకుని బాలకిషన్ వంగి చూశాడు. ఎర్రటి లక్క మీద అతని ముద్ర పడింది. సుడులు సుడులుగా, గీత గీతా విడివిడిగా.

"మస్తు గీతలున్నయి భాయ్ నీకు" అంది మహబూబ్ బీ. తన నున్నటి బొటనవేలు దానిమీద పెట్టి ఒక్కసారి రుద్దింది. లక్క మళ్ళీ అద్దంలా అయింది. ఆమె దాన్ని అందుకుని గాజు వంచడం మొదలుపెట్టింది.