ఎడమ ముడి

బావా బావమరుదులు కలిసి కొన్న బేలర్ యంత్రం ఎండుగడ్డిని కట్టలుగా అదిమి, ఒక్కో కట్టకు రెండు పురికొసలు చుట్టి ముడులు వేస్తుంది. వేయాలి మరి. కుడి ముడి బుద్ధిగా పడేది. ఎడమది దానికి తోచినప్పుడే. ముడి పడని కట్ట కిందకు దిగీ దిగకముందే పొట్ట పగిలి చేనంతా పరుచుకునేది.

తప్పంతా పురికొసదని బావ అనేవాడు, దాన్ని తెచ్చింది బావమరిది గనక. కాదు, ముడివేసే కొక్కేనిదని బావమరిది అనేవాడు, దానికి గ్రీజు పెట్టేది బావ గనక. మధ్యలో నలిగింది బావ భార్య. ఎవరి పక్షాన మాట్లాడినా రెండోవాడు భోజనాల దగ్గర మూతి ముడుచుకుంటాడు. అందుకని ఆమె నోరు విప్పకుండా బేలర్ వెనకే నడుస్తూ, విడిపోయిన కట్టలకు చేత్తో ముడులు వేసేది.

ఇంకా సగం చేను మిగిలి ఉండగానే మబ్బు పట్టింది. గడ్డి తడిస్తే కుళ్లిపోతుంది. ఇక లాభం లేదని మెకానిక్‌కు కబురు పెట్టారు.

మెకానిక్ భారీ మనిషి. రాగానే పురికొస ఉండలు పెట్టే పెట్టె మూత మీద చతికిలబడి, ట్రాక్టరు నడపమన్నాడు. ముడులన్నీ ముచ్చటగా పడ్డాయి. యంత్రానికి ఏ రోగమూ లేదని తేల్చి కిందకు దిగాడు. మరుక్షణమే ఒక కట్ట విచ్చుకుంది. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. మళ్లీ ముడులు పడ్డాయి. దిగితే మళ్లీ మొదటికే. వీళ్లిద్దరూ కలిసి తనను ఆటపట్టిస్తున్నారేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. ఆయనంటే దీనికి భయంలా ఉందన్నాడు బావమరిది.

వెనక నడుస్తున్న ఆమె కళ్లు మాత్రం పురికొస మీదే ఉన్నాయి. ఆయన కూర్చుంటే అది బిగుతుగా సాగుతోంది. దిగితే వేలాడుతోంది.

"ఆయన్ని దిగనివ్వకండి," అంది.

మెకానిక్ వంగి చూశాడు. మూత కింద ఎడమ పురికొసను నొక్కి ఉంచే స్ప్రింగు సత్తువ లేక వాలిపోయింది. అది చేయాల్సిన పని ఇంతసేపూ ఆయన బరువు చేసింది.

"స్ప్రింగు రేపు తెస్తానమ్మా," అన్నాడు.

"వాన రేపటిదాకా ఆగుతుందాండీ?"

మూత మీద బండరాయి పెట్టి చూశారు. మొదటి కుదుపుకే దొర్లిపోయింది. బావ కూర్చున్నాడు, బావమరిది కూర్చున్నాడు. ఇద్దరూ పుల్లల్లాంటి మనుషులు, పురికొస ఖాతరు చేయలేదు. ఇద్దరూ కలిసి కూర్చుందామంటే చోటు చాలలేదు. అందరూ మెకానిక్ వైపు చూశారు. ఆయన నిట్టూర్చి, ఆమె మడతపెట్టి ఇచ్చిన గోనెసంచి వేసుకుని మళ్లీ ఎక్కాడు.

గట్లూ గుంతలూ అన్నీ ఆయన నడుముకు తెలిశాయి. నెమ్మదిగా పోనివ్వమని ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. మబ్బును చూసి బావ ట్రాక్టరు వేగం పెంచుతూనే ఉన్నాడు. ఆఖరి కట్టలు కొట్టంలోకి చేరుతుండగా చినుకులు మొదలయ్యాయి.

భోజనానికి కూర్చోమని ఆమె కుర్చీ వేసింది. ఆయన కంచం చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

"ఈ పూటకి ఇలా కానివ్వమ్మా," అన్నాడు.