పదిహేడు మేకులు

"బిళ్ళ గోడకే ఉంది కదే! అంటే మనిషి లోపల లేనట్టే" అన్నాడు సూపర్‌వైజర్, టీ ఊదుకుంటూ.

కాలవ వదిన చేతుల మీద మరిది నెత్తురు ఇంకా ఆరలేదు. నేల కింద రైలు సొరంగంలో కాలవలు తోడే జట్టు పదిహేడు మంది. అందరికీ ఆమె వదినే. కానీ ఈ మరిది సొంత మరిది. పాలపళ్ళు ఊడకముందు నుంచీ తనే పెంచింది. అరగంట కిందట ఆమె కళ్ళ ముందే వాణ్ణి రైలు కొట్టింది. పట్టాల మధ్యే ఇరుక్కుని ఉన్నాడు, ఆమె లాగినా రాలేదు. వాడి మీదుగా ఏడు రైళ్ళు పోయాయి, వేళ తప్పకుండా.

గోడకు పదిహేడు మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ళ. లోపలికి దిగేవాళ్ళు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసి మెడలో వేసుకోవాలి. ఒక్క మేకు బోసిపోయినా పట్టాలకు కరెంటు దానంతటదే ఆగిపోతుంది. అది కట్టినవాడి తెలివి. కాంట్రాక్టర్ తెలివి వేరు: "బిళ్ళ ముట్టుకుంటే రైళ్ళు ఆలస్యం. రైలుకీ రైలుకీ మధ్య నాలుగు నిమిషాలుంది, బుట్టెడు బురద ఎత్తలేరా?" పొద్దున మరిది బిళ్ళ మీద చెయ్యి వేస్తే, "వద్దులే నాయనా, ఆ వెధవ చేత మాటలు పడలేం" అని వదినే ఆ చెయ్యి పట్టి లాగింది. ఆ పాపం ఏ నీళ్ళతో కడిగితే పోతుంది!

"ఐదు నిమిషాలు ఆపండయ్యా. వాణ్ణి తెచ్చుకుంటాం."

"రద్దీ తగ్గనీ. చచ్చినవాడికి తొందరేముంది?"

వదిన లేచింది. మరిది బిళ్ళ తీసింది. సొరంగం మూగబోయింది.

సూపర్‌వైజర్ ఆమె చెంప పగలగొట్టి, బిళ్ళ లాక్కుని మళ్ళీ తగిలించాడు. ఈలోగా జట్టులోని ముసలి మేస్త్రీ తనది తీశాడు. అటు తిరిగేసరికి ఇటు ఇంకొకరు.

"ఏం సారూ, మీకూ రెండే చేతులా?" అంది జట్టులో పొట్టిది.

గోడ మొత్తం బోడి అయింది.

ప్లాట్‌ఫాం జనంతో కిటకిటలాడుతోంది. మైకు "సాంకేతిక కారణాల వల్ల" అని పాడిందే పాడుతోంది. శవాన్ని తార్పాలిన్‌లో మోసుకొస్తున్న జట్టుకు మిల్లులో పనిచేసే మనిషి ఒకతె అడ్డం పడింది.

"మా గేటు మూసేస్తారు! రేపు మా పిల్లలకి తిండి మీరొచ్చి పెడతారా?"

వదిన తార్పాలిన్ తొలగించింది. "సాంకేతిక కారణం ఇదే తల్లీ. వీడు లోపల లేనే లేడంట."

మిల్లు మనిషి వంగి వాడి ముఖం చూసింది. "నెల్లాళ్ళుగా రైళ్ళు టైముకొస్తున్నాయని మురిసిపోయానక్కా" అంది. "ఇలాగా?"

"ఇలాగే."

పోలీసులు దిగారు. లాఠీలు లేచాయి. వదిన పిడికిలి విప్పకపోతే రెండు వేళ్ళు విరిచి విప్పారు. ఖాళీ. మేస్త్రీ మెడలో లేదు, పొట్టిదాని జేబులో లేదు. పదహారు మందినీ తడిమి, కొట్టి, మెట్ల మీదుగా ఈడ్చారు.

"బిళ్ళలేవే?" అరిచాడు ఎస్సై.

"అవిక మా దగ్గరుండవయ్యా" అంది వదిన, నెత్తురు ఉమ్మేసి.

మెట్ల మీద జనం కదల్లేదు. ముందు మిల్లు మనిషి కూర్చుంది, తర్వాత ఆమె వెనకవాళ్ళు, వాళ్ళ వెనకవాళ్ళు. వేల చేతులు, ఏ చేతిలో ఏ బిళ్ళ ఉందో ఆ చేతికే తెలుసు.

"వాడు లోపలే ఉన్నాడని రాయండి" అంది మిల్లు మనిషి. "అప్పటిదాకా ఆలస్యమే."