మిణుకిటు రా

బస్ స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ప్రకటనలు చేసే మనిషికి ఒక అలవాటు ఉంటుంది. ముందు పిలుస్తాడు, తర్వాత సంగతి చెబుతాడు, చెప్పిందే ఇంకోసారి చెబుతాడు. రెండుసార్లే, మూడోసారి చెప్పడు. ఆ పని చేసే అన్నకు ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. ఉప్పుడబ్బా కావాలన్నా సరే, ముందు చెల్లెల్ని పిలవాలి, ఆమె తల తిప్పాలి, అప్పుడు ఉప్పు సంగతి, వెంటనే మళ్లీ ఉప్పు సంగతి. "నేనేమన్నా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డానా అన్నయ్యా?" అని ఆమె విసుక్కునేది. ఆ విసుగు గుర్తొస్తే ఇప్పుడు ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

పిలిచే పేరైనా సొంతమా అంటే అదీ కాదు. చిన్నప్పుడు ఇద్దరూ జుట్టు పట్టుకుని కొట్టుకుంటూ ఆడిన వీడియోగేమ్‌లో ఒక మిణుగురు పిల్ల ఉండేది. దాని పేరు మిణుకు. చీకటి సముద్రంలో ఓడలకు దారి చూపడం దాని పని. చెల్లెలికి చీకటంటే హడల్ కాబట్టి, వెక్కిరించడానికి అన్న ఆ పేరు తగిలించాడు. వెక్కిరింత కాస్తా ముద్దుపేరైంది. అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండిపోయింది.

గేమ్ రెండో భాగం చివర ఆ మిణుగురును నడిసముద్రంలో వదిలేసి కంపెనీ చేతులు దులుపుకుంది. మూడో భాగం కోసం వీళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశారు. చివరికి, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పనిలో ఉన్న చెల్లెలు గేమ్‌లు తయారుచేయడం నేర్చుకుంది, అన్న కథ రాశాడు. మిణుకును ఒడ్డుకు చేర్చే ముసలాయనొకణ్ని, ఆయనుండే దీపస్తంభాన్ని కొత్తగా కల్పించారు. తమలాంటి పిచ్చివాళ్లందరికీ ఉచితంగా పంచాలని వాళ్ల ఆశ.

పని సగంలో ఉండగా అన్న గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. జలుబు కాదు. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు.

ఆపరేషన్‌కు ముందు అన్న, బయటి చప్పుళ్లు పడకుండా బట్టల అల్మరాలో తల దూర్చి, దుప్పటి ముసుగేసుకుని, ముసలాయన మాటలన్నీ మైకులో చెప్పేశాడు. "అల్మరాలో సంసారం పెట్టాడు మీ అన్న," అని వదిన నవ్వింది, వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. ఆ బొంగురు ముసలాయనకు అతికినట్టు సరిపోయింది. తర్వాత అన్న గొంతు పోయింది. ఊపిరి పీల్చుకోవడానికి మెడలో ఒక రంధ్రం, చేతిలో ఒక చిన్న తెల్లబోర్డు మిగిలాయి. స్టేషన్‌లో ఆయన్ని పార్సిళ్ల గదికి మార్చారు. ఆయన గొంతు నలుగురికీ వినబడే చోటు ఇక ఆ గేమ్ ఒక్కటే.

గేమ్ పూర్తయ్యాక అన్న తెలివైనవాడెవడూ చెయ్యని పని చేశాడు. చూసి మురిసిపోతారని, ఒక కాపీని నేరుగా కంపెనీకే పంపాడు. మురిసింది ఎవరో తెలియదు కానీ, కంపెనీ లాయర్ల నుంచి నోటీసు వచ్చింది. మా పేరు, మా బొమ్మ, మా కథ వాడుకోవడానికి వీల్లేదు, విడుదల చేస్తే కోర్టుకు లాగుతాం అన్నారు.

వదినకు తెలిసిన లాయరమ్మ దగ్గరికి చెల్లెలు పరిగెత్తింది.

"ఉచితంగానే ఇస్తున్నాం కదా మేడమ్?"

"ఉచితంగా ఇచ్చినా వస్తువు వాళ్లదేనమ్మా. మిణుగురు పోవాలి, పేరు పోవాలి, పాత కథతో ముడి తెగిపోవాలి. మీ దీపస్తంభం, మీ ముసలాయన మీవే, ఉంచుకోండి. అలా మార్చుకుంటే వాళ్లను నేను ఒప్పిస్తాను."

"మరి అన్నయ్య గొంతు?"

"గొంతుకేం, మీ అన్నయ్యదే. అందులో ఆ పేరు వినబడకూడదు, అంతే."

అంతే! ఆ మాట అనడం ఎంత తేలిక. మిణుగురును చెరిపేసి చెల్లెలు ఒక వెండి చేపను గీసింది. కథ మార్చింది, పాటలు మార్చింది. ఇక అన్న మాటల్లోంచి పేరు కోయడానికి కూర్చుంది. ముందు పిలిచి తర్వాత చెప్పే మనిషి కదా, ప్రతి మాటకూ మొదట్లో ఆ పేరే ఉంది. పేరు దగ్గర ఆగాడా అంటే ఒక్కచోటా ఆగలేదు. మిణుకిటు రా. మిణుకక్కడే ఆగు. మిణుకింకెంత, వచ్చేశాం. పేరు చివర, మాట మొదలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. బడిలో సంధులు విడదీయలేక తిట్లు తిన్న పిల్లకు మళ్లీ అదే పరీక్ష వచ్చిపడింది. పేరు కోస్తే మాట కుంటుతోంది. "టు రా." "క్కడే ఆగు." వేరే చోటి నుంచి అక్షరాలు తెచ్చి అతికించి చూసింది. మనిషికి ఎక్కిళ్లు వచ్చినట్టుంది.

అన్న పక్కన కూర్చుని అంతా విన్నాడు. బోర్డు మీద రాశాడు: "తీసెయ్. సగం వినబడే ప్రకటన వల్ల బస్సులు తప్పిపోతాయి."

"ఇంకెవరితోనైనా చెప్పిద్దామా?"

తల అడ్డంగా ఊపాడు. "ముసలాయన మాట్లాడడు," అని రాశాడు. దాని కింద "నాలాగే" అని రాసి, వెంటనే చేత్తో తుడిచేశాడు. కానీ ఆమె చదివేసింది.

గేమ్ విడుదలైంది. ఆడినవాళ్లు మెచ్చుకున్నారు. "ఆ ముసలాయన నోరు విప్పకపోవడం ఉంది చూశారూ, అదీ ఆలోచనంటే," అని ఎవరో రాశారు. చెల్లెలు పైకి చదివి వినిపించింది. అన్న భుజాలు కదిలేలా నవ్వాడు, చప్పుడు లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది.

ఇంట్లో పిలుచుకోవడానికి మాత్రం ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదని లాయరమ్మ చెప్పింది. అందుకని కోయని మాటొకటి చెల్లెలు అన్న ఫోనులో పెట్టింది. మొదటి ఓడ కనబడగానే ముసలాయన సంబరంగా పిలిచే పిలుపు అది. ఒకసారి తాకితే ఒకసారి, నొక్కి పట్టుకుంటే ఆగకుండా పిలుస్తుంది. మంచినీళ్లు కావాలన్నా, ఫ్యాను ఆపాలన్నా, "మిణుకిటు రా, మిణుకిటు రా" అని ఇల్లంతా అదే సంబరం. గ్లాసు మీద చెంచాతో కొట్టి పిలిచే బాధ ఆయనకు తప్పిందని వదిన సంతోషించింది.

ఒక వాన మధ్యాహ్నం వదిన ఆఫీసులో ఉంది. ముందుగదిలో చెల్లెలు బొమ్మ గీస్తోంది.

"మిణుకిటు రా."

"వస్తున్నా అన్నయ్యా, ఈ రంగు ఆరిపోయేలోపు పూర్తి చేయనీ."

"మిణుకిటు రా."

ఎప్పుడూ ఉండే రెండో పిలుపే కదా అని ఆమె నవ్వుకుని, కుంచె రంగులో ముంచింది.

"మిణుకిటు రా."

మూడోసారి. కుంచె పడేసి పరిగెత్తింది.

అన్న మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు. ఒక చెయ్యి మెడ దగ్గరి రంధ్రం మీద, ఇంకో చెయ్యి ఫోను మీద ఉన్నాయి. ఆమెను చూశాడు, గుర్తుపట్టాడు. ఆమె తలెత్తి ఒళ్లో పెట్టుకునేలోపే ఊపిరి ఆగిపోయింది. వేలు ఫోను మీద అలాగే బిగుసుకుపోయింది. మొదటి ఓడను చూసినంత సంబరంగా ఆ గొంతు మళ్లీ మళ్లీ పిలుస్తోంది.

"వచ్చాను అన్నయ్యా," అంది ఆమె. "వచ్చేశాను."