పదో నంబరు పానా, ఇంజిన్లో ఎలుక

నేను ఒక పానాని. పదో నంబరు పానాని. ఉన్నది ఉన్నట్లు, విన్నది విన్నట్లు చెప్పడం నా అలవాటు. ఎంతైనా నట్లతో బతికేదాన్ని కదా!

ఈ ఇంట్లో నా పేరు మొదటిసారి మోగిన రోజే జనం శవాన్ని బయటికి లాగారు. తణుకులో ఒక ఆదివారం పొద్దున మా యజమాని చక్రపాణిగారు కారు కిందికి దూరి, కాళ్లు మాత్రం బయట పెట్టి, "పానా పోయింది! పానా పోయింది!" అని అరిచారు. వంటింట్లో కంద తరుగుతున్న అత్తగారు రమణమ్మగారికి అది "ప్రాణం పోయింది" అని వినబడింది. ప్రాణం పోయినవాడు ఆ సంగతి తానే ఎలా చాటుకుంటాడని ఆవిడ ఆలోచించలేదు. బయట రెండు కాళ్లు కనబడ్డాయి, చాలు. "అయ్యో అల్లుడుగారూ!" అని ఆవిడ ఎత్తుకున్న రాగానికి ఎదురింటి పెద్దిరాజుగారు నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చి, ఆ కాళ్లు పట్టుకుని ఈడ్చారు. శవం లేచి కూర్చుని, "నా పానా ఎవరు తీశారు?" అంది.

నేను ఆయన వీపు కిందే ఉన్నాను. ఆయన మాత్రం పెద్దిరాజుగారి జేబు వంక చూశారు.

అదీ ఆయన! అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఈయన దగ్గర ఆ భూతానికి భోజనం, వసతి కూడా ఉచితం.

నా పుట్టుక జలంధర్‌లో. ఎర్రగా కాల్చి, అచ్చులో పెట్టి, ఒక్క గుద్దు గుద్దారు. గుద్దితే మనుషులు పోతారు, మేం పుడతాం. తొలి యజమాని కోటిలింగం లారీ క్లీనరు. నాతో సోడాలు తీసేవాడు, వీపు గోక్కునేవాడు, మరీ ఖాళీగా ఉంటే ఓ నట్టు తిప్పేవాడు. లారీ అమ్ముడుపోయాక నేను పాత ఇనుప కొట్టుకు చేరాను. అక్కడ చక్రపాణిగారు నన్ను తూకానికి కొన్నారు. తూస్తున్నంతసేపూ ఆయన కొట్టువాడి బొటనవేలి మీద నుంచి చూపు తిప్పలేదు.

కారు కొన్నదీ ఆయనే. కావలసింది మాత్రం భార్య హైమవతిగారికి. ఆవిడ లెక్కల టీచరు. గోదావరి గట్టు అవతల ఊరి బడికి బదిలీ అయింది. ఆ ఊరికి పొద్దున వెళ్లే బస్సు ఒక్కటే, అదీ బడి గంట కొట్టాక చేరుతుంది. అందుకని ఆవిడ నలభై దాటాక స్టీరింగు పట్టుకుంది. మొదటిసారి ఒంటరిగా బడికి వెళ్లొచ్చిన సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా వాళ్లమ్మకి ప్రతి మలుపూ వర్ణించి చెప్పింది. ఆ మొహంలో వెలుగు చూస్తే, ఆ కారుకి వేరే హెడ్‌లైట్లు ఎందుకనిపించింది నాకు.

హెడ్‌లైట్ల సంగతికే వస్తున్నాను.

చక్రపాణిగారికి మెకానిక్కులంటే అనుమానం. మంచి సామాను తీసేసి పాతది బిగిస్తారట. అందుకే ఆదివారాలు ఫోనులో వీడియోలు పెట్టుకుని, నన్ను చేతబట్టి, బానెట్టు ఎత్తేవారు. ఫోనులో మనిషి బ్యాటరీ క్లాంపు దగ్గర "కొద్దిగా బిగించండి" అన్నాడు. ఈయనకి ఆ 'కొద్దిగా' మీదే అనుమానం వచ్చింది. ఇంకొంచెం బిగించారు. ఇంకొంచెం. నా మెడ పట్టేసింది. 'టక్!' బిగింపు ముదిరితే తెగింపే. క్లాంపు రెండు ముక్కలైంది. ఆయన అటూ ఇటూ చూసి, తీగ చుట్టి, పైన గుడ్డ కప్పారు.

సోమవారం కారు దారిలో ఆగిపోయింది. ఆవిడ ఫోను చేస్తే ఈయన, "గుంతల్లో దూకించి ఉంటావు హైమా! కారంటే ఎడ్లబండి కాదు కదా" అన్నారు. పక్కన డబ్బాలో ఉన్న నాకు ఒళ్లు వేడెక్కింది. ఇనుముకి ఇంతకంటే సిగ్గు కనబరచడం రాదు.

తరువాతి వంతు హెడ్‌లైటుది. బల్బు మార్చబోయి దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి విరిచారు. జిగురుతో అతికించారు. మర్నాటికి లైటు నేలచూపులు చూసింది.

"ఎక్కడ గుద్దావు?" అన్నారాయన.

"ఎక్కడా గుద్దలేదండీ."

"గుద్దకుండా అదే విరిగిందా?"

ఆయనకి లోకం మీద అనుమానం. ఆవిడ అనుమానం తన మీదే. "గేదెల మంద పక్కనుంచి వచ్చాను కదమ్మా, అప్పుడు తగిలిందేమో, నాకే తెలియలేదేమో" అని వాళ్లమ్మతో అంది. అలా వెతికి వెతికి, చెయ్యని తప్పుకి చోటు చూపించుకుంది. "నా చెయ్యి మంచిది కాదు" అని తాళం మేకుకి తగిలించేసింది.

మళ్లీ బస్సు. మళ్లీ ఆలస్యం. హెడ్మాస్టరు మర్యాదగానే, "ఈ ఊళ్లో గది తీసుకోండి మేడమ్. లేకపోతే పైకి రాయక తప్పదు" అన్నాడట. ఆవిడ గది చూసుకుంది. చిన్న కుక్కరు, రెండు గిన్నెలు అట్టపెట్టెలో సర్దింది. వచ్చే ఆదివారం గదికి వెళితే, ఇక ఇంటికి రావడం శనివారం సాయంత్రాలే. రమణమ్మగారు ఆ పెట్టె పక్కన కూర్చుని, "కారున్న ఇంట్లో కాపురం ముక్కలవడం నేనెక్కడా చూళ్లేదు" అని గోడకి చెప్పింది. గోడకి ఆనుకుని అల్లుడున్నాడు. నిజం చెబుతాడేమోనని నేను చెవులు నిక్కించాను. ఆయన నోరు తెరిచారు, ఆవలించారు, మూసుకున్నారు.

ఆ వారమే వైపరు విరిగింది. విరిగి ఉండడం అందరూ చూశారు. కారు వాకిట్లోంచి అంగుళం కదల్లేదు. ఆవిడ తాళం ముట్టలేదు. ఇప్పుడెవరి మీద తోస్తారా అని నేను ఎదురుచూస్తుంటే, చక్రపాణిగారు గంభీరంగా తల పంకించి, "ఎలుక!" అన్నారు. "ఇంజిన్లో ఎలుకలు చేరాయి. వినాయకుడి వాహనం మన వాహనం మీద పడింది."

"ఇనుము విరిచే ఎలుకా అల్లుడుగారూ?" అంది అత్తగారు. "అది ఏ పేస్టుతో తోముకుంటుందో కాస్త కనుక్కోండి. పెద్దిరాజుగారికి చెబుదాం."

హైమవతిగారు మాత్రం నవ్వలేదు. విరిగిన వైపరు చేతిలోకి తీసుకుని, విరిగినచోట వేలితో రాసి చూసింది. నట్టు అంచులు నలిగి ఉన్నాయి. నా పళ్ల గుర్తులవి. ఆవిడ నా వంక చూసిందనే నా అనుమానం. "ఎలుకే అయ్యుంటుందండీ" అంది నెమ్మదిగా. సాయంత్రం బజారు నుంచి ఎలుకలు పట్టే జిగురు అట్ట తెచ్చి, ఇంజిన్ పక్క సందులో పరిచింది. అది ఎలుక కోసమేనా అన్నది నా రెండో అనుమానం.

ఆదివారం వచ్చింది. ఆవిడ గదికి వెళ్లాల్సిన రోజు. ఆటో వచ్చేలోగా చక్రపాణిగారు "ఎలుక పడిందేమో చూస్తా" అని బానెట్టు ఎత్తారు. చూసి ఊరుకోవచ్చు కదా! ఎయిర్ ఫిల్టరు పెట్టె కాస్త వదులుగా కనబడింది. నన్ను తీసి సందులోకి పెట్టారు. 'టక్!' పెట్టె చెవి విరిగి లోపల పడింది. దాని కోసం ఆయన చెయ్యి దింపారు. ముక్క, నేను, ఆయన అయిదు వేళ్లు, అందరం జిగురులో కుటుంబంలా అతుక్కున్నాం.

రెండో చేత్తో విడిపించబోయారు. అదీ అతుక్కుంది. అప్పుడు పెట్టిన కేకకి ముందు రమణమ్మగారు, వెనక పెద్దిరాజుగారు, ఆ వెనక అట్టపెట్టె చంకనెత్తుకుని హైమవతిగారు వచ్చారు.

"అమ్మా, ఎలుక పడింది" అంది హైమవతిగారు. "దీనికి కళ్లద్దాలు కూడా ఉన్నాయి."

"బాగా బలిసిన ఎలుకేనండోయ్!" అన్నారు పెద్దిరాజుగారు.

చేతులు రెండూ కట్టేసినట్టు ఉన్నాయి. ముక్క జిగురులో మెరుస్తోంది. తోసెయ్యడానికి వేలు కూడా ఖాళీ లేదు. చక్రపాణిగారు మొదలుపెట్టారు. "క్లాంపు నేనే విరిచాను. హెడ్‌లైటూ నేనే. వైపరూ నేనే. ఎలుకలు లేవు."

"గేదెలు?" అంది హైమవతిగారు.

"గేదెలు కూడా ఏం చెయ్యలేదు." "మెకానిక్కుని నమ్మలేదు. నా చేతకానితనాన్ని నువ్వు నమ్ముతావని భయపడ్డాను."

ఆవిడ పెట్టె కింద పెట్టి, నూనె సీసా తెచ్చి, ఆయన వేళ్లు ఒక్కొక్కటీ ఊడదీసింది. తొందరపడలేదు. ఒక్కో వేలికీ ఒక్కో సోమవారమంత సేపు పట్టింది.

"డ్రైవర్ని పెడదాంలే హైమా" అన్నారాయన చేతులు తుడుచుకుంటూ.

"డ్రైవరు ఉంది. లేనిది మెకానిక్కే" అంది ఆవిడ. కుక్కరు తీసి వాళ్లమ్మ చేతికిచ్చింది. "అన్నం పెట్టమ్మా, ఇక్కడే తింటాను. పెద్దిరాజుగారూ, మీకు తెలిసిన మెకానిక్కు ఉంటే రమ్మనండి. వచ్చినప్పుడు ఈయన చేతులు కట్టేసి ఉంచుతాం."

ఇప్పుడు నేను ఆవిడ సీటు కింద ఉంటాను. చక్రపాణిగారికి అందని చోటు అదే. ఆయన చేతిలో బ్రేకంటే విరగడం, ఆవిడ కాలి కింద బ్రేకంటే ఆగడం. మెకానిక్కు వచ్చి అన్నీ సరిచేశాక, సోమవారం గోదావరి గట్టు మీద పొద్దున బస్సు మా ముందు వగరుస్తూ కనబడింది. ఆవిడ హారన్ కొట్టింది, పక్కకి తీసింది, దాటేసింది. మేం బడి చేరేసరికి ఇంకా గంట కొట్టలేదు.