నూరుమందికి ఒక్క కేకు

డ్రిల్లు మాస్టారి మీసం ఆ రోజు సగమైపోవడానికి కారణం స్వయంగా మాస్టారే. పెదవి మీద కత్తెర ఆడుతున్నప్పుడు నోరు మూసుకు కూర్చోవాలా, వద్దా?

"ఏమోయ్ దువ్వెనన్నా, మీవాడి పుట్టినరోజుకి నూరుమంది వస్తున్నారటగా! క్లాసంతా అదే గోల."

కత్తెర జారింది. కుడివైపు మీసం కాస్త ఎగిరిపోయింది. మాస్టారు చూసుకునేలోగా ఎడమవైపు కూడా అంతే కత్తిరించి, "ఈ మధ్య అందరూ ఇలాగే పెట్టుకుంటున్నారు సార్" అని గండం గట్టెక్కాడు దువ్వెనన్న.

జేబులో ఎప్పుడూ దువ్వెన ఉంటుందని వీధంతా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. మూడు కుర్చీలు, ఒక బల్ల, ఎదురెదురు గోడల నిండా నిలువెత్తు అద్దాలు. అదీ అతని సెలూను. దాని మీద వచ్చేదాంతో ఇల్లు గడుస్తుంది, బడి ఫీజు గడువు దాటాక రెండు రోజులకి కట్టడమవుతుంది. నూరుమందికి విందంటే మాటలా?

ఇంటికెళ్లేసరికి బుడ్డోడు పుస్తకం ముందేసుకుని పెన్సిలు నములుతున్నాడు. వచ్చేవారంతో వాడికి ఏడేళ్లు నిండుతాయి.

"ఒరేయ్, ఎంతమందిని పిలిచావురా?"

"తొమ్మిదిమందిని. అమ్మ అంతకుమించి వద్దంది కదా."

"మరి నూరుమంది వస్తారని చెప్పావట?"

"అవును, వస్తారు."

"ఎవర్రా వాళ్లు?"

"ఇప్పుడే చెప్పేస్తే మజా ఏముంది నాన్నా? ఆ రోజు చూద్దువుగాని."

పిలిచింది తొమ్మిది, వచ్చేది నూరు. ఈ లెక్క ఏ పంతులు నేర్పాడో! రేపే వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోమన్నాడు దువ్వెనన్న. బుడ్డోడు అడ్డంగా తలూపాడు. క్లాసు లీడరుతో పందెం కాశాడట. ఓడిపోతే ఏడాది పొడుగునా అందరూ వాణ్ని 'ఉత్తుత్తి రాయుడు' అని పిలుస్తారట. దువ్వెనన్న గుండెల్లో రాయి పడింది. పేరు పడటం ఎంత తేలికో, పోవడం ఎంత కష్టమో అతనికి తెలియనిది కాదు.

మర్నాడు షాపుకి వెళ్తూ ఫంక్షన్ హాలు అద్దె ఎంతో కనుక్కున్నాడు. విన్నాక కాసేపు ఆ హాలు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. కూర్చోవడానికి డబ్బులు అడగలేదు, అదే నయం.

సంగతి విని భార్య పకపకా నవ్వింది. "అప్పు చేసి పప్పుకూడు మనకెందుకండీ? సెలవు రోజు షాపు ఖాళీయే కదా, అక్కడ చేద్దాం. కేకు నేను కుక్కర్లో చేసేస్తా. టోపీలకి మీ షాపులో పాత పేపర్లు బోలెడు."

"సెలూన్లోనా?"

"ఏం, రాజుగారి కోటలో చేద్దామా?"

ఆవిడకి నవ్వులాటగా ఉంది గానీ అతని బాధ వేరు. తన పనంటే అతనికి చిన్నతనం లేదు. కొడుక్కి ఉంటుందేమోనని భయం. బడిలో తల్లిదండ్రుల్ని పిలిచిన రోజు ఇస్త్రీ చొక్కాల మధ్య ఇమడలేక, వెనక గోడకి ఆనుకుని తల దించుకుని నిలబడ్డాడు. ఆ పిల్లలంతా రేపు వచ్చి, వెంట్రుకలు ఊడ్చే చోట మావాడు కేకు కోయడం చూస్తారా? అది అతనికి మింగుడు పడలేదు.

అందుకని తన తెలివంతా ఉపయోగించాడు. సెలవు రోజు పొద్దున్నే వెళ్లి నేల మూడుసార్లు కడిగాడు. కత్తెరలూ కత్తులూ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. సైకిలు పంపుతో పాతిక బుడగలు ఊది, వాటిలో సగం బయట బోర్డు మీది పేరు కనబడకుండా కట్టాడు. ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి పూల దుప్పట్లు అడిగి తెచ్చి, రెండు గోడల అద్దాల్నీ పైనుంచి కింది దాకా కప్పేశాడు. ఒకటికి రెండుసార్లు చూసుకుని, 'ఇప్పుడు దీన్ని సెలూనని ఎవడంటాడో అననీ' అని మురిసిపోయాడు.

సాయంత్రం భార్య కేకు పట్టుకుని ముందు నడవగా, బుడ్డోడు తొమ్మిదిమందినీ వెంటేసుకుని వచ్చాడు. పేపరు టోపీలు పెట్టుకుని అందరూ బిలబిలమంటూ లోపలికి దూరారు. క్లాసు లీడరు రెండు జడల పిల్ల, పోలీసుకైనా ఆ చూపు ఉండదు. నడుం మీద చేతులు పెట్టుకుని లెక్కపెట్టింది.

"మేం తొమ్మిది. నీతో పది. మిగతా తొంభైమంది ఏరీ?"

బుడ్డోడు ఈ గోడ చూశాడు, ఆ గోడ చూశాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొడుకు పరువు పోతోందని దువ్వెనన్న ఒక్క అంగలో ముందుకొచ్చాడు.

"వాళ్లకి జలుబు చేసిందమ్మా."

"తొంభైమందికీనా అంకుల్?"

ఇంతలో బుడ్డోడు వచ్చి నాన్న చొక్కా పట్టుకు లాగాడు.

"నాన్నా, వాళ్లందరినీ దుప్పట్ల కింద ఎందుకు కప్పేశావు?"

అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక దువ్వెనన్నకి ఒళ్లంతా సిగ్గేసింది. వంగి, వాడికి మాత్రమే వినబడేలా అన్నాడు. "ఇది సెలూనని వాళ్లకి తెలియకూడదనిరా."

"అందరికీ తెలుసుగా! నేనే చెప్పా. మా నాన్న షాపులో నిలబడితే ఒక్కొక్కళ్లూ పదిమందవుతారని."

దువ్వెనన్న ఒక్క ఊపున ఈ గోడ దుప్పట్లు లాగాడు, ఆ గోడవి లాగాడు. పిల్లలు ఒక్కసారిగా కేకపెట్టారు. అద్దాల్లో ఎటు చూసినా టోపీలు, బుడగలు, ఇకిలింపులు. వరస వెనక వరస, చూపు ఆనినంత మేర పిల్లలే.

"కదలకండ్రా, లెక్క తప్పుతోంది!" అని క్లాసు లీడరు బల్ల ఎక్కి అరిచింది. ఎనభై దాకా వచ్చి ఆగింది. "వీపులు కూడా లెక్కేనా?"

"వీపులున్నవాళ్లు మనుషులు కారా?" అన్నాడు బుడ్డోడు.

నూట ఆరు దగ్గర ఆ పిల్ల ఓటమి ఒప్పుకుంది. "నూరుమందికి ఒక్క కేకుతో సరిపెట్టిన ఇల్లాలు ఊళ్లో ఇంకెవరైనా ఉంటే చూపించండి" అంటూ భార్య చాకు అందించింది.

దువ్వెనన్న అలవాటు కొద్దీ తలుపు దగ్గర, గోడకి ఆనుకున్నాడు. బుడ్డోడు వదిలితేనా! చెయ్యి పట్టి లాక్కొచ్చి అద్దాల నడుమ నిలబెట్టి, కేకు ముక్క నోట్లో కుక్కాడు.

"ఎంతమంది నాన్నలో చూడు!"

చూశాడు. సెలూను అని తెలియకూడదని అంత కష్టపడ్డవాడు జేబులోంచి దువ్వెన తీయడం మరిచేపోయాడు. అద్దంలో వరసగా నిలబడ్డ నాన్నలందరి జేబుల్లోనూ దువ్వెన ఉంది, మీసాలకి కేకు ఉంది. అంతమందిలో తల దించుకున్నవాడు ఒక్కడూ లేడు.