సార్లు వస్తున్నారని ఊడ్చిపెట్టాం

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే, నా కూతురు లారీ కింద పడుతుందని. దానికి నాలుగేళ్ళు. నడక రాదు, పరుగే వచ్చు. ఇంట్లో అందరం దాన్ని పిడుగు అంటాం. గుమ్మం దాటాక ఎటు పోతోందో దానికే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది. మా సందు వెడల్పు పన్నెండు అడుగులు. చిన్న వ్యాను వచ్చినా మనుషులు గోడకు బల్లుల్లా అతుక్కోవాలి. అలాంటి సందులోంచి రోజుకు నలభై లారీలు పోతాయని విన్న రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు.

సంగతేమిటంటే, సందు చివర ఒక స్థలం ఉండేది. ఊరి ప్లానులో దానికి ఆకుపచ్చ రంగు వేసి ఉంటుందట. ఆకుపచ్చ అంటే అక్కడ ఎవరూ ఏమీ కట్టకూడదు. ఇది మా ఆయన చెప్పాడు. ఆయన పైపుల పని చేస్తాడు. ఆఫీసుల్లో కుళాయిలు బిగించడానికి వెళ్ళినప్పుడు గోడలకు ఏం తగిలించి ఉన్నా చదువుకుని వస్తాడు. ఆ స్థలానికి అవతల ఒక గోడౌన్ ఉంది. దాని యజమాని ఆ ఆకుపచ్చ రంగు తీసేసి ఊదా రంగు వేయమని జిల్లా ప్లానింగ్ కమిటీకి దరఖాస్తు పెట్టాడు. ఊదా రంగు అంటే లారీల అడ్డా. అడ్డాకు దారి మా సందే.

కాగితాల్లో అది ఖాళీ స్థలం. మాకు మాత్రం అందులో అంగుళం ఖాళీ ఉండేది కాదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పంతొమ్మిది ఇళ్ళ బట్టలు ఆరేవి. పాత దీపస్తంభానికి లారీ టైరు ఒకటి వేలాడదీసి పిల్లలు ఉయ్యాల ఊగేవాళ్ళు. కాళ్ళు రాసి రాసి దాని కింద మోకాలి లోతు గుంట పడింది. గోడ మీద బొగ్గుతో గీసిన గోల్‌పోస్టు, నేల మీద తొక్కుడుబిళ్ళ గళ్ళు. ఒక మూల రేకు కింద మా పిన్ని ఇస్త్రీ బల్ల.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. నన్ను ఈ సందుకు కోడలిగా తెచ్చింది ఆవిడే. పద్నాలుగేళ్ళుగా ఆ మూలే ఆవిడ దుకాణం. ఎడమ చెవి అసలు వినపడదు, కుడి చెవి సగమే. అందరూ తనలాంటి వాళ్ళే అనుకుంటుందేమో, మాట్లాడితే సందంతా ఉలిక్కిపడుతుంది. చేతులు ఇస్త్రీ పెట్టె మీద, కళ్ళు పిల్లల మీద. పిడుగు సందులోకి పరుగు తీస్తే చాలు, ఆ అరుపుకి అక్కడే ఆగిపోయేది. ఆ అరుపును నమ్ముకునే నేను ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడగలిగేదాన్ని.

రంగు మార్చొద్దని మేమంతా ఒక కాగితం రాశాం. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని, అయినా నా దస్తూరి బాగుంటుందని నా చేతే రాయించారు. పంతొమ్మిది ఇళ్ళ వాళ్ళూ సంతకాలు పెట్టారు. దాన్ని మా వార్డు మెంబరు చేతికిచ్చాం. ఆయన్ని మేం చూద్దాంగారు అంటాం. కుళాయి రాకపోయినా చూద్దాం, దీపం వెలగకపోయినా చూద్దాం. పన్నెండేళ్ళలో ఆయన చూసిందేమీ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ ఇంకో సలహా పారేశాడు.

"ఎల్లుండి కమిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారమ్మా. స్థలం నీట్‌గా ఉండాలి. ఈ గుడ్డలేంటి, ఈ టైరేంటి, ఇదంతా చూస్తే పెద్దవాళ్ళు ఏమనుకుంటారు?"

"మా తరఫున మాట్లాడతారా అండీ?"

"చూద్దాం."

కావాలనే చెప్పాడో, తెలియక చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. కావాలని చెప్పుంటే దుర్మార్గుడు. తెలియక చెప్పుంటే మెంబరు.

మేం మాత్రం సొంత ఇంటికి చుట్టాలొస్తున్నట్టు పనిలో దిగాం. రెండు రోజులు నడుములు పడిపోయేలా చేశాం. తీగలు విప్పాం. టైరు దించాం. గోడ మీద గోల్‌పోస్టును నేనే సబ్బునీళ్ళతో తోమాను, బొగ్గు వదలకపోతే ఇటుక ముక్క పెట్టి మరీ రుద్దాను. తొక్కుడుబిళ్ళ గళ్ళు చీపురుకే పోయాయి. ఇస్త్రీ బల్లను నలుగురం పట్టి పిన్ని ఇంటి వసారాలోకి మోశాం.

మా అత్తగారు ఎక్కడినుంచో రెండు తట్టల ఇసుక తెచ్చి ఉయ్యాల కింది గుంట పూడ్చింది.

"అదెందుకు వదినా, దాన్ని కూడానా?" అంది పిన్ని, అవతలి వీధికి కూడా వినపడేలా.

"మెల్లిగా వదినా, నాకు వినపడుతుంది. పెద్దమనుషులు పైకి చూస్తూ నడుస్తారు. గుంటలో కాలు పడితే మన పీకల మీదికొస్తుంది."

"పడనీ. మనం రోజూ పడటం లేదూ!"

"నువ్వు నోరు మూసుకుని ఆ మూల ఊడ్చు."

తనిఖీ రోజు పదకొండు మంది పిల్లల్ని మా ముందుగదిలో కూర్చోబెట్టాను. మాట వినరని బయట తాళం పెట్టి, లోపల మా ఆయన్ని కాపలా ఉంచాను. ఒక్కరు కిక్కురుమన్నా బిస్కెట్లు లేవన్నాను. జన్మలో మొదటిసారి మా సందు నిశ్శబ్దంగా ఉంది.

కారు వచ్చింది. ముగ్గురు దిగారు. ఒకాయన కమిటీ ఛైర్మన్, ఒకాయన ఫైలు మోసేవాడు, ఒకాయన ఫొటోలు తీసే సారు. ఛైర్మన్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అక్కడ వాసనేమీ లేదు. మేం సబ్బుతో కడిగిన వాసన తప్ప. మా అత్తగారు గ్లాసుతో ఎదురెళ్ళి "మంచినీళ్ళు తాగుతారా బాబూ?" అంది. ఆయన గ్లాసు వైపు కాదు కదా, మనిషి వైపు కూడా చూడలేదు.

"అమ్మా, మీరంతా కొంచెం పక్కకి జరగండి. ఫొటోలో పడుతున్నారు" అన్నాడు ఫొటో సారు.

ఎంత మర్యాదగా అడిగాడో. మేం అంతకన్నా మర్యాదగా జరిగాం. పిన్నికి వినపడక అక్కడే నిలబడింది. ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది నేనే. నాలుగు మూలల నుంచి నాలుగు ఫొటోలు. "చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు ఛైర్మన్. కారెక్కారు. మొత్తం ఆరు నిమిషాలు. నా కూతురికి గోళ్ళు కత్తిరించడానికి నాకు ఇంకా ఎక్కువ సేపు పడుతుంది.

"చూశావా, శుభ్రంగా ఉందన్నారు!" అని మా అత్తగారు మురిసిపోయింది. నేనూ మురిశాను. అబద్ధమెందుకు చెప్పాలి.

రెండు వారాల తర్వాత కమిటీ మీటింగు. మెత్తటి కుర్చీల్లో వాళ్ళు, ఇనప కుర్చీల్లో మేము. మాట్లాడదలచుకున్నవాళ్ళకు తలా మూడు నిమిషాలు, తర్వాత గంట కొడతారు. ఆరు నిమిషాల్లో భూమిని చూసేసినవాళ్ళకు మనిషి గోడు మూడు నిమిషాలంటే ఎక్కువేనేమో. పిడుగును చంకలో వేసుకుని నేను, నా పక్కన మా అత్తగారు, చివర పిన్ని. పిన్ని ఒళ్ళో ఉయ్యాల టైరు ఉంది. గుమ్మం దగ్గర బంట్రోతు ఆపి "టైర్లు లోపలికి తేకూడదు" అన్నాడట. "ఎక్కడ రాసుందో చూపించు" అని ఈవిడ. రాసి లేదు. వాళ్ళు రాయడం మరిచిపోయింది అదొక్కటే అనుకుంటాను.

ఫైలు మోసేవాడు చదివాడు. "ప్రతిపాదిత స్థలం పూర్తిగా ఖాళీగా, ఎటువంటి వినియోగంలోనూ లేకుండా ఉన్నట్టు ప్రత్యక్ష తనిఖీలో గమనించడమైనది. పిల్లలు గానీ, ఆటవస్తువులు గానీ, ఇతర ఆనవాళ్ళు గానీ కనిపించలేదు. స్థానికుల నుంచి రాతపూర్వక అభ్యంతరాలేవీ అందలేదు."

నాలుగు ఫొటోలు గోడ మీద పెద్దవి చేసి చూపించారు. ఎంత బాగా ఊడ్చామో అప్పుడు తెలిసింది. చీపురు గీతలు కూడా కనపడుతున్నాయి.

నా వంతు వచ్చింది. పిడుగును మా అత్తగారి ఒళ్ళో దించి లేచాను.

"సార్, అది మేం ఊడ్చాం సార్."

"శుభ్రంగా ఉంచుకున్నారు, సంతోషం" అన్నాడు ఛైర్మన్. మెత్తటి కుర్చీలు నవ్వాయి.

"కాదు సార్. మీరొస్తున్నారని ఊడ్చాం. రోజూ అక్కడ పిల్లలుంటారు. ఆ రోజు అందరూ మా ఇంట్లో ఉన్నారు. అల్లరి చేస్తారని నేనే తాళం పెట్టాను."

"పిల్లల్ని గదిలో పెట్టి తాళం వేశారా?" అన్నాడు ఫొటో సారు, నన్ను పోలీసులకు అప్పగించాలేమో అన్నట్టు.

"మళ్ళీ ఒకసారి రండి సార్. సాయంత్రం ఐదింటికి రండి. చెప్పకుండా రండి."

"రెండోసారి తనిఖీకి నిబంధనల్లో వీల్లేదమ్మా."

"మరి మేమిచ్చిన కాగితం? పంతొమ్మిది సంతకాలు పెట్టి మెంబరుగారికిచ్చాం."

అందరూ చూద్దాంగారి వైపు చూశారు. ఆయన కూడా కమిటీలో సభ్యుడే. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏమంటాడో మీకు తెలుసు. అదే అన్నాడు.

అప్పుడు పిన్ని లేచింది. టైరు రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"ఇదేమిటమ్మా?" అన్నాడు ఛైర్మన్.

ఏమడిగాడో వినపడకపోయినా జవాబు చెప్పింది. "ఉయ్యాల! పిల్లల ఉయ్యాల! దీని కింద గుంట ఉంటుంది చూడండి. నేల అబద్ధమాడదు. మీ ఫొటోలోనే ఉంటుంది!" ఆ ఆవేశంలో, ఇసుక పోసి పూడ్చిన సంగతే మరిచిపోయింది.

అందరూ గోడ వైపు తిరిగారు. ఛైర్మన్ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ వెతికాడు. నా పక్కన మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది.

"గుంట లేదమ్మా" అన్నాడు. ఆ పూటంతా ఆయన నోటి వెంట వచ్చిన ఒకే ఒక్క నిజం అది.

గంట కొట్టారు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ఏడు చేతులు లేచాయి. చూద్దాంగారి చెయ్యి కూడా లేచింది. మమ్మల్ని పలకరిస్తున్నాడనుకుని పిన్ని కూడా చెయ్యి ఊపింది.

బయటికొచ్చాక మా అత్తగారు మెట్ల మీద కూలబడింది. "నా చేతులతో పూడ్చానే" అని ఒకటే ఏడుపు. పిన్ని టైరు పక్కన పెట్టి ఆవిడ చెవి దగ్గర వంగి, మెల్లిగా చెప్పాననుకుని అరిచింది. "ఊరుకో వదినా! గుంట ఉన్నా ఆ వెధవలు మట్టి తవ్వుకుపోయామని కేసు పెట్టేవాళ్ళు!" బంట్రోతు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు.

పది రోజుల్లో కంచె పడింది, నీలం గేటు పెట్టారు. దరఖాస్తులో లారీలు నలభై అన్నారు. నేను గుమ్మంలో కూర్చుని లెక్కపెడితే అరవై రెండు. పిడుగు నడుముకు పాత చున్నీ కట్టి రెండో కొస కిటికీ ఊచకు ముడేశాను. నాలుగేళ్ళ పిల్ల, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయి, చున్నీ లాక్కుంటూ నన్ను చూసేది. జిల్లా అభివృద్ధి అని పేపర్లో వేశారు, గేటు ముందు చూద్దాంగారు రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటోతో. దాన్లో కూడా మేం పడలేదు.

వసారాలో బల్లకు చోటు చాలక పిన్ని దాన్ని గేటు పక్కన మలుపులో, గోడవారగా వేసుకుని రేకు కట్టుకుంది. ఒక మధ్యాహ్నం నేను గుమ్మంలోంచి చూస్తుండగానే ఒక లారీ వెనక్కి వచ్చింది. హారన్ మోగుతూనే ఉంది. పిన్ని చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లుకుంటోంది. నేను అరిచాను. నా అరుపు ఆవిడకు ఏం వినపడుతుంది? పరుగెత్తి వెళ్ళి లారీ పక్క రేకు మీద రెండు చేతులతో బాదాను. ఆగింది. బల్లకూ లారీకీ మధ్య జానెడు. పిన్ని తలెత్తి "ఏమైందే, అలా ఉన్నావు?" అంది.

డ్రైవరు దిగాడు. పాపం, ఆ జానెడు దూరం చూసి తల పట్టుకున్నాడు.

"ఈవిడకి వినపడదా అక్కా?"

"వినపడదు."

"నాకు కనపడదు" అన్నాడు. "ఈ మూల అద్దంలోకి రాదు."

ఆ వారమే ఇల్లు మారాం. ఊరికి ఆ చివర, మేడ మీద ఒక గది. మెట్లకు తలుపుంది, దానికి గడియ ఉంది, గడియ పిడుగుకు అందదు. మా అత్తగారు మాతోనే ఉంది. పిన్నిని బతిమాలాను, తిట్టాను, చెయ్యి పట్టుకుని లాగాను. ఈసారి కదల్లేదు.

"నా గిరాకీ అంతా ఇక్కడే. ఈ వయసులో కొత్త సందులో నాకు చొక్కా ఎవడిస్తాడు? నువ్వు పో. పిల్లదాన్ని కాపాడుకో. నా సంగతి నేను చూసుకుంటాను."

ఎలా చూసుకుంటుంది? వెనక నుంచి వచ్చేదాన్ని ఎవరు చూసుకోగలరు?

ఫోను చేస్తే వినపడదు. వెళ్ళాలంటే రెండు బస్సులు, అదీ పిడుగుతో, మా అత్తగారి దగ్గర అది ఆగదు. దాన్ని తీసుకుని ఆ సందులో మళ్ళీ అడుగుపెట్టే ధైర్యం నాకు లేదు. మా ఆయన పని దొరికిన రోజు పనికి, దొరకని రోజు పని వెతకడానికి పోతాడు. పిన్నిని చూసి పదకొండు రోజులైంది.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. కమిటీని అడగను, వాళ్ళకు చూడటం రాదు. మీకు ఎప్పుడైనా ఆ నీలం గేటు వైపు పని పడితే, మలుపులో రేకు కింద ఇస్త్రీ చేసే ఆవిడ ఉందేమో ఒక్కసారి చూడండి. వెనక నుంచి పిలవకండి. చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడండి. మిమ్మల్ని చూడగానే "ఏం కావాలి?" అని అరుస్తుంది, జడుసుకోకండి. అరిచిందంటే బాగున్నట్టే. బల్లను ఇంకొంచెం లోపలికి జరపమని సైగ చేసి చెప్పండి, నేను చెప్పానని చెప్పకండి. నాకు మాత్రం కబురు పెట్టండి.